ఉపవాసంతో మానిన పుండు

నజ్లెత్ రుమ్మాన్, మల్లవి దగ్గర
ఫిబ్రవరి 20, 1986

ప్రియమైన అక్క ఇన్సాఫ్‌కు,

ప్రభువు నామమున నీ తమ్ముడు, సువార్త బోధకుడు జరీఫ్ వ్రాయునది. నేను క్షేమం. నా కొత్త భార్య ఫాయికా క్షేమం. చెరకు నరకడం అయిపోయింది. ఒక డబ్బా నల్ల పాకం రైల్లో పంపుతున్నాను, అందినట్టు రాయి. నువ్వు పెళ్ళికి రాలేదు. నిన్ను మూడుసార్లు క్షమించాను, ఎందుకంటే మూడుసార్లు కోపం వచ్చింది.

అక్కా, ఒక సాక్ష్యం చెప్పకుండా ఉండలేను. పెళ్ళయిన వారానికి నా దేహంలో మరుగైన చోట ఒక పుండు లేచింది. బఠాణీ గింజంత. నొప్పి లేదు, దురద లేదు. నేను మందుల షాపు వైపు తల తిప్పలేదు. నయమాను సేనాపతి కుష్ఠు పోవడానికి యొర్దాను నదిలో మునిగాడు గాని కాంపౌండరు దగ్గరికి పోలేదు గదా! ఇరవై ఒక్క రోజు పొద్దు గుంకేదాకా ఉపవాసం పట్టాను. పుండు మాయం! మచ్చ కూడా మిగల్లేదు. మొన్న ఆదివారం పీఠమెక్కి గంటన్నర సాక్ష్యం చెప్పాను. ఎక్కడ లేచిందో మాత్రం చెప్పలేదు. దేహమంతా ప్రభువుదే గదా అని దాటేశాను. ఆడవాళ్ళు ఏడ్చారు. గిర్గిస్ తల్లి ముసలమ్మ రెండుసార్లు ఏడ్చింది.

ఇంకో సంగతి. మా ఊరి ఆరోగ్య కేంద్రం గోడకి మగవాళ్ళ తొడుగుల బొమ్మ అంటించారు, రోగాలు రాకుండా వాడమని. నేను స్వయంగా వెళ్ళి చించాను. దాని కింద ఇంకొకటి ఉంది. దాన్నీ చించాను. దాని కింద ఎన్నికల కాగితం ఉంటే వదిలేశాను, అధికారులకు లోబడాలి గదా. పెళ్ళికి ముందు రక్తపరీక్ష కాగితం తెమ్మని మా సభ పెద్దల నియమం. కాని మా ఊళ్ళో సూది గుచ్చించుకుని ఆ కాగితం తెచ్చిన పెళ్ళికొడుకు ఇంతవరకు లేడు. ఆరోగ్య కేంద్రం గుమాస్తా మన సంఘస్థుడే. "సేవకుడి రక్తాన్ని అనుమానించే పాపం నాకొద్దు" అని నాకూ ఫాయికాకీ ముద్ర కొట్టి ఇచ్చేశాడు.

నువ్వు కూడా ఆ సుఖరోగాల ఆసుపత్రి ఉద్యోగం మాని ఇంటికొచ్చెయ్. పాపుల మధ్య ఇరవై ఆరేళ్ళు చాలు.

నీ తమ్ముడు,
జరీఫ్


అలెగ్జాండ్రియా
మార్చి 1

ఒరేయ్ జరీఫ్,

డబ్బా అందింది. మూత సరిగ్గా పెట్టలేదు, సగం పాకం రైలు పెట్టె తాగింది.

మరుగైన చోట అని రాశావు. నేను ఇరవై ఆరేళ్ళుగా ఈ ఊరి మరుగైన చోట్లన్నీ చూస్తున్నాను, నా దగ్గర నీకు సిగ్గెందుకు? ఉన్నదున్నట్టు జవాబియ్యి. పుండు అంచు గట్టిగా ఉందా, గుండీలాగా? గజ్జల్లో బిళ్ళలు కట్టాయా? నొప్పి బొత్తిగా లేదా? నొప్పి లేదన్నావే, అదే నాకు నచ్చలేదు. నొప్పెట్టే పుండు గురించి ఎవడైనా సాక్ష్యం చెప్తే పండగ చేసుకుని పడుకునేదాన్ని.

ఇంకొక్క ప్రశ్న. పెళ్ళికి ముందు, డిసెంబరులో, ఎక్కడికైనా వెళ్ళావా?

ఈలోగా ఫాయికాకి దూరంగా పడుకో. ఉపవాసం అని చెప్పు, నీకు అలవాటేగా.

అక్క


నజ్లెత్ రుమ్మాన్
మార్చి 14

అక్కా,

నీ ఉత్తరం చదివి నా కళ్ళలో నెత్తురు తిరిగింది. దేవుని సేవకుణ్ణి పట్టుకుని గుండీలు, బిళ్ళలు అంటావా? పుండు నడుముకి కింద, మోకాలికి పైన. అంతకంటే రాయను. డిసెంబరులో సఫాగా రేవుకి వెళ్ళాను, సువార్త కోసం. వారం రోజులు రేవు కూలీలకి బోధించాను. పదకొండు మంది మారుమనసు పొందారు. పేర్లు కావాలంటే పంపుతాను.

పోనీ, నాకేదో ఉందనే అనుకుందాం. ఫాయికా నుంచి వచ్చి ఉండొచ్చు గదా? ముప్పై రెండేళ్ళు పెళ్ళి లేకుండా తండ్రికి గంజి కాచి పోసిన మనిషి. ఎవరికి తెలుసు?

ఇప్పుడు శుభవార్త విను, నీ నోరు మూతపడుతుంది. ఫాయికాకి వాంతులు! మంత్రసాని చూసి రెండో నెల అంది. నలభై నాలుగేళ్ళకి నేను తండ్రినవుతున్నాను, అక్కా! మొదటి భార్య పోయి పదకొండేళ్ళు, ఈ ఇంట్లో పావురాలు తప్ప ఎవరూ పిల్లల్ని కనలేదు.

ఇంకా ఉంది. మొన్న ఆదివారం దీవెన చెప్పడానికి చేతులెత్తాను. ముందు వరసలోంచి గిర్గిస్ తల్లి "అయ్యో, చేతులు చూడండి! చేతులు!" అని కేక పెట్టింది. చూసుకున్నాను. రెండు అరచేతుల నిండా రాగి రంగు మచ్చలు. దురద లేదు, నొప్పి లేదు. ఇంటికొచ్చి చూస్తే అరికాళ్ళకీ ఉన్నాయి. మోషే చెయ్యి రొమ్మున పెట్టి తీస్తే మంచులా తెల్లబడింది. నాది ఎర్రబడింది, అంతే తేడా. నేను అలా అనలేదు, జనం అంటున్నారు. నేను కాదనలేదు. పొరుగూరి నుంచి మోకాళ్ళ నొప్పుల వాళ్ళు వస్తున్నారు. గిర్గిస్ తల్లి మోకాలు మీద చెయ్యి వేశాను, ఆమె మేడ మెట్లెక్కింది! దిగలేకపోయింది, అది వేరే సంగతి.

జరీఫ్


అలెగ్జాండ్రియా
మార్చి 21

జరీఫ్,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. తలుపు గడియ పెట్టుకుని చదువు.

నీకు వచ్చింది సిఫిలిస్. మన ఊళ్ళో సవాయి అనేవాళ్ళే, అది. మొదట నొప్పిలేని పుండు. ఏమీ చెయ్యకపోయినా మూడు నుంచి ఆరు వారాల్లో తనే మానుతుంది. ఉపవాసం ఉన్నవాడికీ మానుతుంది, పూటకో పావురం తిన్నవాడికీ మానుతుంది. మానిందంటే రోగం పోయిందని కాదు, అరుగు మీద నుంచి లేచి లోపలి గదిలోకి వెళ్ళిందని. నెత్తురులోకి. కొన్ని వారాలకి అరచేతుల్లో, అరికాళ్ళలో రాగి మచ్చలు. నా దగ్గరికొచ్చే ఓడ కళాసీలకి ఉంటాయి ఈ మచ్చలు. వాళ్ళ చేతులు ఎవరూ ముద్దు పెట్టుకోరు. ఆ మచ్చలూ వాటంతట అవే పోతాయి. అప్పుడు నువ్వు ఇంకో గంటన్నర సాక్ష్యం చెప్తావు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఏ గుర్తూ ఉండదు. ఒకనాడు గుండెనో కళ్ళనో మెదడునో పట్టుకుంటుంది.

ఫాయికా నుంచి వచ్చిందేమో అన్నావు చూడు. ఆ వాక్యాన్ని నేను కత్తిరించి పొయ్యిలో వేశాను. నువ్వు నా తమ్ముడివి గనక ఆ మాట నువ్వు రాయలేదని అనుకుంటున్నాను. ఏదెను తోటలో మొదటి మగాడు కూడా దొరికిపోయాక భార్య మీదే చెప్పాడు. మీ మగజాతి మారలేదు.

ఇక బిడ్డ. నీ నెత్తురులో ఉన్నది ఆమెకి అంటి ఉంటుంది. ఆడవాళ్ళకి పుండు లోపల లేస్తుంది, కనపడదు, తెలీదు. ఆమె నుంచి కడుపులో బిడ్డకి పోతుంది. వైద్యం లేకపోతే బిడ్డ కడుపులోనే పోవచ్చు. బతికితే ఎముకలతో, కళ్ళతో, చెవులతో బాధపడవచ్చు. నేను అలాంటి బిడ్డల్ని ఈ చేతుల్తో గుడ్డలో చుట్టాను, అందుకే ఇలా కేకలేస్తున్నాను.

మందు ఉంది. పెన్సిలిన్ సూది. నలభై ఏళ్ళుగా ఉంది. ఇప్పుడే, మొదటి నెలల్లోనే వేస్తే బిడ్డ దక్కుతుంది. మిన్యా ఆసుపత్రిలో డాక్టరుకి చీటీ జతచేశాను. మీరిద్దరూ వెళ్ళండి. ఇద్దరూ. ఒక్కడివే వేయించుకుంటే ఆమె నుంచి మళ్ళీ నీకొస్తుంది, అది కూడా దేవుడి సూచనే అంటావు.

సఫాగాలో పదకొండు మంది మారుమనసు పొందారన్నావు. పన్నెండో మనిషి సంగతి రాయి.

ఇన్సాఫ్


నజ్లెత్ రుమ్మాన్
ఏప్రిల్ 3

అక్కా,

నిలబడి రాస్తున్నాను. ఎందుకో చివర్లో తెలుస్తుంది.

సఫాగాలో ఆరు రోజులు దావీదు పాపం మీదే బోధించాను. పరాయివాడి భార్య స్నానం చేస్తుంటే రాజు మేడ మీద నుంచి చూశాడని, చూడకుండా ఉండాల్సిందని గొంతు బొంగురుపోయేలా అరిచాను. ఏడో రోజు సాయంత్రం మేడ మీద ఉన్నది నేనే. రేవు వెనక ఒకామె టీ అమ్ముతుంది. పేరు అడిగితే చెప్పలేదు. నా పేరు ఆమె అడిగితే నేనూ చెప్పలేదు. పదకొండేళ్ళ ఒంటరితనం అని రాద్దామనుకున్నాను, కాని అది సాకు. ఈ ఉత్తరంలో ఆమెను తిట్టాలని కూడా చూశాను. దావీదుతో "ఆ పాపివి నువ్వే" అన్న నాతాను ప్రవక్త వేలు నా వైపే ఉంది, కలం సాగలేదు.

రక్తపరీక్ష కాగితం గురించి నీకు అబద్ధం రాశాను. మిగతా పెళ్ళికొడుకులకి ఎలా ఇచ్చాడో గాని, నా దగ్గరికి వచ్చేసరికి గుమాస్తా సూది తీశాడు. "సేవకుడు చేయించుకుంటే కుర్రకారు కూడా వస్తారయ్యా" అన్నాడు. సేవకుడి రక్తాన్ని అనుమానిస్తావా అని గద్దించి ముద్ర వేయించుకున్నది నేనే. అప్పటికి సఫాగా నుంచి వచ్చి పన్నెండు రోజులు. భయమేసింది.

మిన్యా వెళ్ళాను, ఒక్కణ్ణే. పేరడిగాడు అక్కడి గుమాస్తా. నోటికొచ్చింది చెప్పాను: "యాకూబ్ ఇస్‌హాక్ ఇబ్రాహీం." వాడు తలెత్తకుండా రాసుకున్నాడు. "పొద్దున్నుంచి మూడో యాకూబువి. ఇద్దరు నూహ్‌లు కూడా వచ్చి వెళ్ళారు. ఈ వరండాలో ప్రవక్తలు తప్ప మామూలు మనుషులు కూర్చోరు, ఆ బల్ల మీద కూర్చో" అన్నాడు. నెత్తురు తీశారు. నీ మాటే నిజమైంది. రెండు పిరుదుల్లోనూ సూది గుచ్చారు. అక్కా, పెన్సిలిన్ మందు గంజిలా చిక్కగా ఉంటుందని ఎవరూ చెప్పలేదేం? నేను అరిచిన అరుపుకి మిగతా ప్రవక్తలిద్దరు లేచి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రమే చలిజ్వరం. చచ్చిపోతున్నానని మనసులో వీలునామా కూడా రాసుకున్నాను. పొద్దున్నకి తగ్గింది. అప్పటి నుంచి నిలబడే తింటున్నాను, నిలబడే రాస్తున్నాను.

ఇప్పుడు నా భయం విను. సంఘమంతా ఒకే గిన్నెలో ద్రాక్షారసం తాగుతాం. గిర్గిస్ తల్లి నా చేతులు ముద్దు పెట్టుకుంది, ఆమెకు డెబ్భై ఆరేళ్ళు! ఊరంతటికీ అంటించానా?

ఫాయికాకి చెప్పలేదు. చెప్పలేను. నన్ను చూసి లేచి నిలబడే మనిషి ఆమె. ఒక ఉపాయం తోచింది. నువ్వు మాత్రలు పంపు. రోజూ పొద్దున రొట్టెలోకి నల్ల పాకం తింటుంది, అందులో కలిపేస్తాను. బిడ్డ దక్కుతుంది, ఇల్లు దక్కుతుంది. నీకు దణ్ణం పెడతాను.

జరీఫ్


అలెగ్జాండ్రియా
ఏప్రిల్ 9

జరీఫ్,

ఆ టీ ఆమె కొట్టు ఎక్కడో గుర్తులు రాయి. తిట్టడానికి కాదు. సఫాగాలో నాకు తెలిసిన నర్సు ఉంది, మెల్లగా వెళ్ళి మాట్లాడుతుంది. ఆమెకీ ఎవడో అంటించినదే.

గిన్నెతో రాదు. తువ్వాలుతో రాదు. మరుగుదొడ్డితో రాదు. పడకతో వస్తుంది, తల్లి నుంచి బిడ్డకి వస్తుంది, నెత్తురు ఎక్కిస్తే వస్తుంది, నోట్లో పుండుంటే ముద్దుతో వస్తుంది. గిర్గిస్ తల్లి నీకంటే ఎక్కువ కాలం బతుకుతుంది, ఆమె గురించి బెంగ వద్దు.

జనవరిలో సూది గుచ్చినా బహుశా ఏమీ తేలేది కాదు. పన్నెండు రోజులకి నెత్తురు నోరు విప్పదు. కాని డాక్టరు నిన్ను అడిగి ఉండేవాడు, నువ్వు నిజం చెప్పి ఉంటే కొన్నాళ్ళు ఆగి రమ్మనేవాడు. నువ్వు తప్పించుకున్నది సూదిని కాదు, ఆ ప్రశ్నని.

పాకంలో మాత్రలు కలపడానికి ఆమె నీ గాడిద కాదు. ఆమెకి మాత్రలు పనికిరావు, సూదే కావాలి. తన ఒంట్లో ఏముందో, ఎవరు పెట్టారో తెలుసుకునే హక్కు ఆమెది. నువ్వు చెప్పలేనంటే నేను చెప్తాను. ఫాయికాకి నాలుగు కాగితాలు రాసి ఇందులో పెట్టాను. ఆమెకు చదువు రాదు గనక నువ్వే చదివి వినిపించు. ఒక్క ముక్క మింగినా నాకు తెలుస్తుంది. వారం లోపల మిన్యా నుంచి కబురు రాకపోతే రైలెక్కుతాను. వచ్చి ఆ కాగితాలు మీ పీఠం మీద నుంచి చదువుతాను. నా గొంతు నీకంటే పెద్దది, నీకు తెలుసు.

ఇన్సాఫ్


నజ్లెత్ రుమ్మాన్
ఏప్రిల్ 20

అక్కా,

నీ కాగితాలు చదివాను. ఎలా చదివానో రాస్తాను, దాచను.

ఫాయికా మిద్దె మీద పావురాలకి గింజలు చల్లుతోంది. "అక్క నీకు రాసింది" అన్నాను. "చదువు" అంది. నేను గొంతు సవరించుకుని చదివాను: "ప్రియమైన మరదలా, క్షేమమా? బాగా తిను. బరువులెత్తకు. ప్రభువు నిన్ను దీవించును గాక. ఆమేన్."

"అంతేనా?"

"అంతే."

"నాలుగు కాగితాలకి అంతేనా?"

"అక్కవి పెద్ద పెద్ద అక్షరాలు."

దగ్గరికొచ్చి చూసింది. "చీమల్లా ఉన్నాయి. ఏమయ్యా, మీ అక్క ఆమేన్ అని రాసిందా? పెళ్ళి కుదిరినప్పుడు చూడ్డానికొచ్చి మూడు రోజులుంది మన ఊళ్ళో, ఒక్కసారైనా ఆమేన్ అందా ఆవిడ?"

నేను కాగితాలు మడిచి జేబులో పెట్టబోయాను.

"నీ చొక్కా తడిసిపోయింది. పొద్దు ఇంకా ఎక్కనే లేదు. సరే, ఇటివ్వు. గిర్గిస్ తల్లి మనవరాలు ఆరో తరగతి, దాని చేత చదివించుకుంటాను" అని మెట్ల వైపు నడిచింది.

అక్కా, యోనా దేవుణ్ణి తప్పించుకోడానికి ఓడ అడుగుకి దిగి పడుకున్నాడు గాని నాకు దిగడానికి అడుగు లేకపోయింది. పావురాల రెట్టలో మోకాళ్ళ మీద కూలబడి మొదటి కాగితం మొదటి ముక్క నుంచి చదివాను. అన్నీ చదివాను. "మీ ఆయన వెధవపని చేశాడు" అన్న చోట కూడా ఆగలేదు.

ఆమె అరవలేదు. అరిస్తే బాగుండును. "సఫాగా ఎప్పుడు?" అని అడిగింది.

"పెళ్ళికి పద్దెనిమిది రోజుల ముందు."

"అంటే నేను పెళ్ళి గౌను కుట్టించుకుంటున్నప్పుడు."

"అవును."

"నా కాగితం మీద కూడా ముద్ర వేయించావు. నా నెత్తురేం పాపం చేసింది? దాన్నన్నా చూడనివ్వాల్సింది."

తర్వాత అంది: "బిడ్డ దగ్గర మీ అక్క ఏం రాసిందో అది మళ్ళీ చదువు. మెల్లగా చదువు." ఐదుసార్లు చదివించుకుంది. ఐదోసారి చదువుతూ ఏడ్చాను. "ఏడవకు. నేనింకా మొదలుపెట్టలేదు, నువ్వు ముందు ఏడిస్తే ఎలా?" అంది.

మర్నాడే మిన్యా రైలెక్కాం. ఆమె ఆడవాళ్ళ బల్ల మీద కూర్చుంది, నేను వాకిలి దగ్గర నిలబడ్డాను. ఆసుపత్రిలో అదే గుమాస్తా. నేను పేరు చెప్పబోయేలోపు ఆమె ముందుకొచ్చి వరండా అంతా వినపడేలా చెప్పింది: "రాసుకో. ఫాయికా వాసిఫ్. ఇతను జరీఫ్, నా మొగుడు, నజ్లెత్ రుమ్మాన్ బోధకుడు. పోయినసారి వేరే పేరు చెప్పి ఉంటాడు, అది కొట్టెయ్."

వాడు కలం పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. "అమ్మా, పదిహేనేళ్ళుగా ఈ కుర్చీలో ఉన్నాను. సొంత పేరు ఇంత గట్టిగా చెప్పిన మనిషిని ఇవాళే చూశాను" అన్నాడు.

ఆమె నెత్తురులోనూ ఉంది, అక్కా. సూది వేశారు. ఒక్క మూలుగు లేదు. ఇంకో వారానికి ఇంకోటి వెయ్యాలన్నారు. డాక్టరు "మూడో నెలలోనే వచ్చారు, బిడ్డ క్షేమంగా పుట్టే అవకాశం చాలా ఎక్కువ" అన్నాడు. "అవకాశమంటే?" అని అడిగిందామె. "పుట్టాక చూసేదాకా నేను ప్రమాణం చెయ్యలేనమ్మా" అన్నాడు.

ఆ మాట మా ఇంట్లో మూడో మనిషిలా తిరుగుతోంది. ఆమె నాతో మాట్లాడదు. నా కంచం పావురాల గూటి పక్కన పెడుతుంది. తింటున్నాను.

జరీఫ్


అలెగ్జాండ్రియా
ఏప్రిల్ 28

జరీఫ్,

చదివావు. సరే. ఇక మీదట నిన్ను కొంచెం తక్కువ తిడతాను.

మూడు నెలలకోసారి ఇద్దరూ నెత్తురు చూపించుకోండి. సూది వేశారు గదా అని ఊరుకోవద్దు, పరీక్షలో రోగం అంకె తగ్గుతోందో లేదో చూడాలి. డాక్టరు సరే అనేదాకా పక్కలో చేరవద్దు. ఆ తర్వాత కూడా, ఆమె చేరనిస్తే, ముందు నువ్వు గోడ మీద నుంచి చించిన బొమ్మలో వస్తువు వాడు. ఒకసారి తగ్గితే మళ్ళీ రాదని అనుకోకు, ఈ రోగానికి అలాంటి మర్యాద లేదు. మశూచిలా ఒకసారి వచ్చి వదిలిపెట్టేది కాదిది.

సఫాగా ఆమె దొరికింది. ఆమెకీ వైద్యం జరుగుతోంది. మా నర్సుని మొదట పోలీసనుకుని వేడి టీ పోసిందట. ఇప్పుడు స్నేహితులు.

ఫాయికాకి చెప్పు, నా గదిలో ఇంకో మంచం ఉందని. ఎప్పుడైనా రావచ్చు, నిన్ను అడక్కుండా. ఈ ముక్క కూడా చదివి వినిపించు.

ఇన్సాఫ్


నజ్లెత్ రుమ్మాన్
ఆగస్టు 17

అక్కా,

మంచం సంగతి చదివి వినిపించాను. "గుర్తుపెట్టుకుంటాను" అంది. ఆ రోజు నుంచి ఆమె మూట కట్టిందేమోనని ప్రతి సాయంత్రం తలుపు వెనక చూస్తున్నాను.

నా మచ్చలు పోయాయి. జనం ఊరుకోలేదు. "సూచన ఎందుకు పోయింది? ఎవరు పాపం చేశారు?" అని ఒకరినొకరు అనుమానించుకోవడం మొదలుపెట్టారు. మా సభ పెద్ద తౌఫీలుస్ మాస్టారు తనే కారణమేమోనని పొగాకు మానేశాడు. ఇక భరించలేకపోయాను. ఫాయికాని అడిగాను, చెప్పమంటావా అని. "నీ పేరు చెప్పుకో. నా పేరు నీ నోట్లోకి తేకు" అంది.

పోయిన ఆదివారం పీఠమెక్కాను. "సోదరులారా, అది సూచన కాదు, సిఫిలిస్" అన్నాను. నా పుండు ఉపవాసంతో మానలేదని, దాని కాలం అయిపోయి అదే మానిందని, నన్ను బాగుచేసింది సూది అని, ఆ సూదికి భయపడ్డది నేనేనని చెప్పాను. దేవుడు నయమానుని నదిలో మునగమంటే వాడు ముందు ఇంత చిన్న పనా అని కోపగించుకున్నాడు, నేనూ అంతే అన్నాను. అప్పుడు గిర్గిస్ తల్లి లేచింది.

"అయితే నా మోకాలు ఎందుకు తగ్గింది?"

"తగ్గలేదమ్మా. నువ్వు మెట్లు ఎక్కావు గాని, నిన్ను నలుగురు మోసి దించారు."

"అవును సుమీ" అని కూర్చుంది.

పెద్దలు నన్ను ఒక ఏడాది పీఠం దిగమన్నారు. దిగాను. కాని అక్కా, చిత్రం చూడు. ఇరవై ఏళ్ళు నరకం గురించి అరిచాను, ఒక్కడూ నా దగ్గరికొచ్చి ఒంటి సంగతి చెప్పలేదు. పీఠం దిగిన వారం లోపల చెరకు గానుగ వెనక ఐదుగురు ఆపారు. "బోధకుడా, నా స్నేహితుడికి ఒక పుండు..." అంటారు. ఐదుగురికీ స్నేహితులే! ఒకడి స్నేహితుడికి ఒంటేలు పోస్తే మంట, ఒకడి స్నేహితుడికి చీము. స్నేహితుణ్ణీ వాడి భార్యనీ కలిపి తీసుకురమ్మంటున్నాను. శుక్రవారం ఇద్దరు స్నేహితుల్ని మిన్యా తీసుకెళ్ళాను. వాళ్ళు దారిలో పేర్లు ఆలోచించుకుంటుంటే చెప్పాను, ప్రవక్తల పేర్లన్నీ అయిపోయాయని.

వచ్చే నెల తౌఫీలుస్ మాస్టారి కొడుకు పెళ్ళి. వాడు నిజంగా సూది గుచ్చించుకున్నాడు. ఊళ్ళో మొదటివాడు. మూర్ఛపోయాడు, కాని గుచ్చించుకున్నాడు.

ఫాయికా నెత్తురులో అంకె తగ్గుతోంది. ఏడో నెల నిండింది. బిడ్డ తంతోందని గిర్గిస్ తల్లికి చెప్తుంటే విన్నాను. నాకు చెప్పలేదు. డాక్టరు చెయ్యని ప్రమాణం ఎవరూ చెయ్యరు. నేను రోజూ ప్రార్థన చేస్తున్నాను, మచ్చుకైనా నా గురించి అడగడం లేదు.

జరీఫ్


నజ్లెత్ రుమ్మాన్
నవంబరు 9

వదినా,

నేను ఫాయికాని. నేను చెప్తుంటే ఇతను రాస్తున్నాడు. ఒక్క మాట మార్చినా తెలిసిపోతుందని చెప్పాను. గిర్గిస్ తల్లి మనవరాలు వచ్చి మళ్ళీ చదువుతుంది, అది ఇప్పుడు ఏడో తరగతి.

పోయిన నెల ఇరవై ఆరున ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే కేకలు పెట్టింది, నీ గొంతే. మిన్యాలోనే కన్నాను. బొడ్డు నెత్తురు తీసి చూశారు, ఎముకలు చూశారు, కళ్ళు చూశారు. నిన్న డాక్టరు మమ్మల్ని మిన్యా పిలిపించి చెప్పాడు. బిడ్డకి ఏమీ లేదు. మూడో నెలలో తప్పకుండా ఇంకోసారి చూపించమన్నాడు. చూపిస్తాను. పేరు హనా.

కబురు విని ఈ బోధకుడు వరండాలో పడి ఏడిస్తే, ఆ పేర్లు రాసే గుమాస్తా లేచి నీళ్ళు ఇచ్చాడు. సూది వేయించుకున్నప్పుడు కూడా ఇంతే గోల చేశాడట, గుమాస్తా చెప్పాడు. మొత్తం మీద పిరికి మనిషి. (అక్కా, ఈ మాట ఆమెది. నేను రాసేవాణ్ణి మాత్రమే.) ఏం కలిపావు మధ్యలో? చదువు. సరే, ఉండనీ.

వదినా, నువ్వు పంపిన ఆ నాలుగు కాగితాలు నా పెట్టెలో దాచుకున్నాను. చదవలేను, కాని ఎక్కడ బిడ్డ సంగతి ఉందో వేలు పెట్టి చూపించగలను. ఐదుసార్లు చదివించుకున్నాను గదా. నీ గదిలో మంచం కూడా ఉంచు. వస్తాను, బిడ్డతో వస్తాను. పారిపోయి కాదు, చుట్టపు చూపుకి. పారిపోయి వస్తే ముందుగా చెప్పను.

ఇతని కంచం పావురాల గూటి దగ్గర నుంచి తీసి గడప లోపల పెడుతున్నాను. బిడ్డకి గాలి తగలకుండా తలుపు వెయ్యాల్సి వస్తోంది, అందుకని. వేరే కారణం లేదు. అది కూడా రాయి.

ఇతన్ని క్షమించావా అని అడిగావట పోయిన ఉత్తరంలో. ఇప్పుడు కలం ఆపి నా మొహం చూస్తున్నాడు. చూడు వదినా, ఇతను ఏ మాట రాసినా బాగానే ఉంటుంది, ఏ మాట చెప్పినా బాగానే ఉంటుంది, ఇరవై ఏళ్ళ అలవాటు. అందుకే ఆ మాట ఇతని చేత్తో రాయించను. అక్షరాలు నేర్పమన్నాను. వచ్చాక, ఆ మాట నా లోపల ఉంటే నేనే రాస్తాను. లేకపోతే లేదని కూడా నేనే రాస్తాను.

ఇంతే. ఆమేన్ పెట్టకు.

నీ మరదలు,
ఫాయికా

అక్కా, కింద నేను. నిన్న పలక తెచ్చి మొదటి అక్షరం దిద్దించాను. వంకరగా వచ్చిందంటే పలక ఎత్తి కొట్టబోయింది, బిడ్డ లేస్తుందని ఆగింది. మన అరబ్బీకి మొత్తం ఇరవై ఎనిమిది అక్షరాలు. రోజుకొకటి నేర్పుతానన్నాను. వారానికొకటి చాలు అంది.

జరీఫ్